రేంజ్‌లో 'స్టాప్' అన్నందుకే మాస్టారిని తప్పించారా?

ఎడమచేతి_షూటర్ | ఆదివారం రాత్రి 9:40

ఈ షూటింగ్ క్లబ్‌లో నాది తొమ్మిదేళ్ల సభ్యత్వం. ఇన్నేళ్లలో లోపలి గొడవ ఏదీ ఇలా రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మూడు వారాల కిందట, ఆదివారం పొద్దున జరిగిందిది. 4 నుంచి 8 దాకా లేన్లలో టార్గెట్ లాగే మోటార్లు చెడిపోయి నెలలు దాటింది. ఆ లేన్ల వాళ్లం కాగితం మార్చుకోవడానికి నడిచే వెళ్తున్నాం. ఆ రోజు కూడా రేంజ్ ఆఫీసర్‌గా డ్యూటీలో ఉన్న మాస్టారు అందరి చేతా కాల్చడం ఆపించారు. గన్‌లన్నీ బెంచీల మీద పెట్టించి, బారెల్‌లో దూర్చే తీగలు, అదే సేఫ్టీ ఫ్లాగులు, వరసగా చూసుకుంటూ వచ్చి, అప్పుడు 'వెళ్లండి' అన్నారు. నలుగురు ముందుకు నడిచారు, అందులో ముగ్గురు పిల్లలు. వాళ్లింకా అక్కడే ఉండగా 6వ లేన్‌లో కమిటీ సభ్యుడొకరు ఫ్లాగ్ లాగేసి, రైఫిల్ భుజానికి ఆనించి, గురి చూసే సైట్‌లోంచి చూడటం మొదలుపెట్టారు. కొత్త సైట్ బిగించారట, సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుంటున్నారట.

మాస్టారు 'స్టాప్' అని అరిచారు. ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. ఆ సభ్యుడు 'ఖాళీదే కదా మాస్టారూ' అంటూ రైఫిల్ దించారు. మాస్టారు ఆ రోజుకి ఆయన్ని లైన్ మీదకి రానివ్వలేదు. సంగతంతా రేంజ్ రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టారు.

నిన్న కొత్త డ్యూటీ జాబితా వచ్చింది. అందులో మాస్టారి పేరు లేదు. ఎందుకని అడిగితే 'పెద్దాయన, విశ్రాంతి ఇద్దామని' అన్నారు. ఆయన విశ్రాంతి అడగలేదు. గ్రూప్‌లో అడుగుదామంటే రాత్రికి రాత్రి అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగ్ మార్చేశారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఇది న్యాయమేనా?

లేన్_ఏడు | ఆదివారం రాత్రి 10:05

ఆ ముగ్గురు పిల్లల్లో ఒకతె మా అమ్మాయి. నేను వెనక కుర్చీలో ఉన్నాను.

మా పాప పాత కాగితం తీసి, కొత్తది క్లిప్పులకి పెట్టి, వెనక్కి తిరిగింది. చేతిలో కాగితం ఉంది, ఎన్ని పదులు పడ్డాయో చూసుకుంటూ నడుస్తోంది. తల ఎత్తలేదు. నాకు అక్కణ్నించి రెండూ కనిపిస్తున్నాయి, పాపా కనిపిస్తోంది, ఆ బారెలూ కనిపిస్తోంది. బారెల్ కొసన ఉండాల్సిన నారింజ రంగు తీగ లేదు. ఆ తీగ బెంచీ మీద పడి ఉంది. అరవాలని నోరు తెరిచాను గానీ మాట రాలేదు. మాస్టారు అరిచారు.

ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. ఇప్పుడు ఆయన్నే తప్పించారంటే ఏమనుకోవాలి?

నిదానమే_ప్రధానం | ఆదివారం రాత్రి 10:31

నేను కమిటీలో లేను, కానీ కమిటీ తరఫున నాలుగు మాటలు చెప్పాలి. సెక్రటరీ గారు ఒక్క రూపాయి తీసుకోకుండా ఆరేళ్లుగా క్లబ్ నడుపుతున్నారు. లైట్లు పోతే ఆయనే, నీళ్లు రాకపోతే ఆయనే. మనలో ఎంతమందిమి శ్రమదానానికి వచ్చాం? పోయినసారి ఐదుగురు వచ్చారు.

డ్యూటీ జాబితా ఏటా మారుతుంది. ఇంతకుముందు నా పేరూ తీశారు, నేను గొడవ చేయలేదు. ఆ రైఫిల్ ఎత్తినాయనకి ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. అది గాలి ఒత్తిడితో కాల్చే ఎయిర్ రైఫిల్, అందులో పెల్లెట్, అంటే చిన్న గుండు, లేదు. తప్పు తప్పే, కాదనను. కానీ దానికీ జాబితాకీ ముడిపెట్టి మనుషుల్ని దోషుల్ని చేయడం తొందరపాటు.

పది_పాయింట్_తొమ్మిది | ఆదివారం రాత్రి 11:12

అన్నా, శ్రమదానం విషయంలో మీ మాట నిజం. నేనూ రాలేదు, ఒప్పుకుంటాను. కానీ 'పెల్లెట్ లేదు' అన్న మాట మాత్రం ఒప్పుకోను. అది అలవాటైతే ఏదో ఒక రోజు ప్రాణం మీదకి వస్తుంది.

అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) నిబంధనల్లో ఇది సూటిగా ఉంది. ఫైరింగ్ లైన్ ముందు మనుషులున్నప్పుడు గన్ ముట్టుకోకూడదు, ఖాళీదైనా సరే. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైరింగ్‌కి, ఊరికే గురిచూసుకోవడానికి కూడా రేంజ్ ఆఫీసర్ అనుమతి ఉండాలి, అదీ లైన్ మీదో, అందుకని కేటాయించిన చోటో మాత్రమే. ఎయిర్ గన్ సేఫ్టీ ఫ్లాగ్ బారెల్ పొడవునా ఉండాలని ఎందుకు పెట్టారు? బారెల్‌లో ఏమీ లేదని దూరం నుంచే అందరికీ కనపడాలని. ఖాళీ అని మనకి తెలిస్తే చాలదు, ముందు నడిచేవాళ్లకి తెలియాలి. మన రైఫిళ్లలో గాలి 200 బార్ ఒత్తిడితో నింపి ఉంటుంది. పెల్లెట్ కంటికి తగిలితే కన్ను పోతుంది.

అనుభవం గురించి ఒక మాట. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ ఫైనల్. అమెరికా షూటర్ మాథ్యూ ఎమ్మన్స్ ముందంజలో ఉన్నాడు, మిగిలింది ఒక్క షాట్. ఆ షాట్ పక్క లేన్ టార్గెట్ మీద కొట్టాడు. చేతికొచ్చిన బంగారం పోయి ఎనిమిదో స్థానంలోకి పడ్డాడు. ప్రపంచంలో అందరికంటే బాగా కాలుస్తున్న మనిషి, తన లేన్ ఏదో ఒక్క క్షణం మరిచిపోయాడు. అనుభవం ఉన్నవాళ్లకి ఆ క్షణం రాదని ఎలా అంటాం? ఆ క్షణం కోసమే పక్కన ఇంకో మనిషిని నిలబెడతాం.

ఇంకోటి. రెండు నెలల కిందట ఒక రైఫిల్ గాలి సిలిండర్‌లో గాలి నింపనని మాస్టారు వెనక్కి పంపేశారు. దాని మీద ముద్రించిన గడువు తేదీ దాటిపోయింది. పదేళ్లు దాటిన సిలిండర్ వాడకూడదని అందరికీ తెలుసు. ఆ సిలిండర్ కూడా కమిటీ వాళ్లదే. నాకు తెలిసి అప్పటి నుంచే ఆ కోపం వాళ్ల మనసులో ఉంది.

నిశ్శబ్ద_సభ్యుడు | ఆదివారం రాత్రి 11:50

ఇవాళ రిజిస్టర్ తెరిచి చూశాను. ఆ రోజు పేజీ అందులో లేదు.

ఎడమచేతి_షూటర్ | ఆదివారం రాత్రి 11:54

ఏంటి? చింపేశారా??

లేన్_ఏడు | సోమవారం ఉదయం 6:20

ఇది నిజమైతే నేను సభ్యత్వం మానుకుంటాను. మా పాపని ఇక అక్కడికి పంపను.

మోడరేటర్ | సోమవారం ఉదయం 7:15

ఎవరి పేర్లూ రాయకండి. కళ్లతో చూసినదాన్ని చూసినట్టు, విన్నదాన్ని విన్నట్టు రాయండి. పేజీ విషయం తేలేదాకా 'చింపేశారు' అనే మాట వాడొద్దని మనవి.

అరవై_షాట్లు | సోమవారం ఉదయం 8:02

మాస్టారి విషయం తేలాల్సిందే. అయితే గొడవ అక్కడే మొదలవలేదు. ఆర్నెల్లుగా కూడబెట్టుకున్న కోపం ఇది. లేన్ల సంగతి కూడా మాట్లాడండి.

పది లేన్లలో శని, ఆదివారాలు ఆరు లేన్లు కోచింగ్ బ్యాచ్‌కి ఇచ్చేశారు. ఉద్యోగాలు చేసుకునే మాకు దొరికేదే ఆ రెండు రోజులు. మిగిలిన నాలుగింటికి బుకింగ్ పెట్టి, మనిషికి 45 నిమిషాలు అన్నారు. మ్యాచ్ లెక్క ఒకసారి చూడండి. కాగితం టార్గెట్ల మీద 60 షాట్లకి 90 నిమిషాలు, దానికి ముందు సన్నాహానికీ, సైటింగ్‌కీ (గురి సరిచూసుకునే షాట్లకి) 15. మొత్తం గంటా నలభై ఐదు నిమిషాలు. ఎలక్ట్రానిక్ టార్గెట్లయినా 75 నిమిషాల మ్యాచ్, ముందు ఆ 15 తప్పవు. నేను జాకెట్ తొడుక్కుని, స్టాండ్ సర్దుకుని, నిలబడే తీరు సరిచూసుకునేసరికే 45లో 15 అయిపోతాయి.

ఈ మాట అడిగితే కమిటీలో ఒకాయన 'ఆడవాళ్లకి 40 షాట్లే కదా మేడమ్' అన్నారు. 2018 నుంచి మాకూ 60 షాట్లే. అది కూడా తెలియనివాళ్లు లేన్లు పంచుతున్నారు. ఇంటికెళ్లి ఏడ్చాను. చందా మాత్రం అందరితో సమానంగా కడుతున్నాను.

ఎడమచేతి_షూటర్ | సోమవారం ఉదయం 8:40

అదీ సంగతి. కోచింగ్ పేరుతో క్లబ్‌ని సొంత దుకాణం చేసుకున్నారు.

బ్యాచ్_కోచ్ | సోమవారం మధ్యాహ్నం 1:10

ఆ కోచ్‌ని నేనే. నా వైపు కూడా వినండి.

బ్యాచ్‌లో 14 మంది పిల్లలున్నారు. వాళ్ల ఫీజులో సగం క్లబ్‌కి వెళ్తుంది, ప్రతి నెలా రసీదు తీసుకుంటున్నాను. ఆ డబ్బు ఎందుకు ఖర్చవుతోందో నాకూ తెలియదు. మోటార్లు బాగుచేయించమని రెండుసార్లు రాసి ఇచ్చాను, నకళ్లు నా దగ్గరున్నాయి. ఆ నడక నా పిల్లలకి ఎంత ప్రమాదమో నాకు తెలియదా? ఆ రోజు ముందుకెళ్లిన ముగ్గురూ నా బ్యాచ్ వాళ్లే. మాస్టారు లేకుండా అంతమంది పిల్లల్ని లైన్ మీద నిలబెట్టే ధైర్యం నాకు లేదు. కొత్త జాబితా చూసి అందరికంటే ముందు సెక్రటరీ గారికి ఫోన్ చేసింది నేనే.

లేన్లు ఆరు కావాలని నేను అడగలేదు. నాలుగు అడిగాను, ఆరు ఇచ్చారు. ఫీజు ఎక్కువ వస్తుందని. మేడమ్, మీరు 45 నిమిషాలతో అవస్థ పడుతున్న సంగతి నాకు తెలియదు, క్షమించండి. శనివారం పొద్దున రెండు లేన్లు వదులుకోవడానికి నేను సిద్ధం.

అరవై_షాట్లు | సోమవారం మధ్యాహ్నం 1:32

థ్యాంక్స్ సార్. ఇన్నాళ్లూ మీ మీదే కోపంగా ఉన్నాను. ఇద్దరం ఒక్కసారి ఎదురెదురుగా మాట్లాడుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

బాబు_వాళ్ల_అమ్మ | సోమవారం సాయంత్రం 4:45

సార్ ఉన్నారు కాబట్టి ఈ మాట కూడా అడుగుతున్నాను. మీ మీద ఫిర్యాదు అనుకోకండి.

పోయిన శనివారం మా బాబుని తీసుకెళ్లడానికి కాస్త ముందే వచ్చాను. ప్రాక్టీస్ అయ్యాక పిల్లల చేతికి చీపుర్లు ఇచ్చి టార్గెట్ల వెనకాల ఊడవమన్నారు. పెల్లెట్లని ఆపే పెల్లెట్ ట్రాప్ కింద బూడిద రంగు పొడి పేరుకుని ఉంది. మా వాడు ఊడుస్తుంటే ఎండ పడిన చోట ఆ దుమ్ము లేవడం కనిపించింది. ఆ తర్వాత అదే చేత్తో బిస్కెట్ పాకెట్ విప్పాడు.

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. పెల్లెట్లలో ఎక్కువ భాగం సీసమే. ఇనుప రేకుకి తగిలినప్పుడు చితికి సన్నటి పొడి అవుతుంది. పిల్లల ఒంట్లో సీసం ఇంతదాకా ఉన్నా ఫర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెరిగే మెదడు మీద దెబ్బకొడుతుంది, మళ్లీ బాగుపడేది కాదు. అందుకే రేంజ్‌ని పొడి చీపురుతో ఊడవకూడదు. తడిగుడ్డతో తుడవాలి, లేదా సన్నటి దుమ్మునీ పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ వాడాలి. అది కూడా పెద్దవాళ్లే చేయాలి, మాస్క్ పెట్టుకుని. ప్రాక్టీస్ అవగానే చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి చేతులు కడుక్కోవాలి, అప్పటిదాకా ఏమీ తినకూడదు. మన రేంజ్ బయట కుళాయి దగ్గర సబ్బు ఎప్పుడైనా చూశారా?

బ్యాచ్_కోచ్ | సోమవారం సాయంత్రం 5:20

అమ్మా, అది నా తప్పు. క్రమశిక్షణ అనుకుని చేయించాను. సీసం సంగతి తెలుసు గానీ ఊడిస్తే గాల్లోకి లేస్తుందని ఆలోచించలేదు. ఇవాళ్టి నుంచి పిల్లలు చీపురు ముట్టుకోరు. సబ్బు రేపే పెట్టిస్తాను. తల్లిదండ్రులందరికీ నేనే చెప్తాను.

నిదానమే_ప్రధానం | సోమవారం రాత్రి 8:15

కోచ్ గారు తప్పు ఒప్పుకున్న తీరు చూశాక నాకూ ఒకటి చెప్పాలనిపించింది. 'ఖాళీదే కదా' అన్న మాటని నిన్న వెనకేసుకొచ్చాను. లేన్_ఏడు గారు రాసింది రాత్రి మళ్లీ చదివాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ సెక్రటరీ గారు దొంగ లెక్కలు రాస్తున్నారని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. లెక్కలు చూపించలేదు, అది నిజం. చూపించమని రెండేళ్లుగా మనమూ గట్టిగా అడగలేదు.

నిశ్శబ్ద_సభ్యుడు | సోమవారం రాత్రి 9:03

పేజీ సంగతి. ఇవాళ ఆఫీస్ గదిలో మళ్లీ వెతికాను. ఆ రోజుతో పాత రిజిస్టర్ నిండిపోయింది. నేను చూసింది కొత్తది. పాతది బీరువా పై అరలో ఉంది, మాస్టారు రాసిన పేజీ అందులో చెక్కుచెదరకుండా ఉంది, సంతకంతో సహా. ఎవరూ చింపలేదు. సరిగ్గా చూసుకోకుండా రాసి అందరికీ టెన్షన్ పెట్టాను. కమిటీ వాళ్లకి, ఇక్కడున్న అందరికీ క్షమాపణలు.

ఆరో_లేన్ | సోమవారం రాత్రి 10:26

ఆ రోజు రైఫిల్ ఎత్తింది నేను.

సైట్ చూసుకోవాలన్న తొందరలో ముందు మనుషులున్నారన్నది పట్టించుకోలేదు. అందరి ముందూ 'స్టాప్' అనిపించుకోవడం అవమానంగా అనిపించింది, అది కూడా నిజమే. ఇంటికెళ్లాక రెండు రోజులు మాస్టారి మీద కోపంగానే ఉన్నాను. ఈ విషయం కమిటీ మీటింగ్‌లో నేనే ఎత్తాను, 'సభ్యులతో మాట్లాడే పద్ధతి ఉండాలి' అన్నాను. కానీ ఆయన్ని తీసేయమని నేను అనలేదు. జాబితా నేను వేయలేదు.

పాప నాన్నగారూ, మీ ఇంటికొచ్చి మాట్లాడాలనుకుంటున్నాను, మీకు అభ్యంతరం లేకపోతే.

లేన్_ఏడు | సోమవారం రాత్రి 10:58

రండి. కానీ నాతో కాదు, పాపతో మాట్లాడండి.

ఎడమచేతి_షూటర్ | సోమవారం రాత్రి 11:05

మరి జాబితా ఎవరు వేశారు సార్? ఆ జవాబు ఇంకా రాలేదు.

మాస్టారు | మంగళవారం ఉదయం 5:30

మా మనవడు ఫోన్‌లో చూపిస్తే మొత్తం చదివాను. వాడే టైప్ చేస్తున్నాడు, మాటలు నావి.

నా కోసం మీరు కొట్లాడుకోకండి. నాకు డెబ్బై దాటాయి. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడైనా ఆ కుర్చీలోంచి లేవాల్సినవాణ్నే. నాకున్న బాధ వేరు. నా తర్వాత అక్కడ కూర్చునే కుర్రాడు, కమిటీ పెద్ద తప్పు చేస్తే 'స్టాప్' అనగలడా? నా పేరు ఎందుకు పోయిందో వాడు చూశాడు. రేపు అరవడానికి ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణం గురించే నా భయం.

నన్నూ ఒకసారి ఆపారు. చాలా ఏళ్ల కిందట, నేను రేంజ్ ఆఫీసర్ కాకముందు. పెల్లెట్ల డబ్బా చేజారి లైన్ అవతల పడింది. వంగి చెయ్యి చాపాను, తల గీత దాటింది. పక్క లేన్లలో ఇంకా కాలుస్తున్నారు. పదమూడేళ్ల పిల్ల, క్లబ్‌లో చేరి వారం కూడా కాలేదు, 'స్టాప్' అని కేకేసింది. అందరూ గన్‌లు దించేశారు. నేను సిగ్గుపడ్డాను, కోపం కూడా వచ్చింది. అప్పటి రేంజ్ ఆఫీసర్ నా దగ్గరికి రాలేదు. ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, బాగా చేశావమ్మా అన్నారు. ఆ తర్వాతే నా డబ్బా తీసిచ్చారు.

ప్రమాదం కనిపిస్తే షూటరైనా వెంటనే చెప్పి తీరాలి. రేంజ్ ఆఫీసర్ ఏ క్షణంలోనైనా ఆపించవచ్చు. ఇవి పైనుంచి వచ్చిన నిబంధనలే. మన క్లబ్ నిబంధనల్లో ఒక్క ముక్క కలపండి చాలు. లైన్ మీద 'స్టాప్' అన్నవాళ్లని, ఆ కారణంగా, ఎవరూ పని నుంచి తప్పించకూడదని. ప్రెసిడెంట్ అయినా సరే.

పది_పాయింట్_తొమ్మిది | మంగళవారం ఉదయం 9:15

మాస్టారూ, మీ మాటనే తీర్మానంగా రాస్తున్నాను.

మన బైలా ప్రకారం సభ్యుల్లో మూడో వంతు మంది సంతకం చేసి ఇస్తే, ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెట్టక తప్పదు. కాగితం ఇవాళ సాయంత్రం క్లబ్ బల్ల మీద ఉంటుంది. మాస్టారు చెప్పిన ముక్క, రెండేళ్ల లెక్కలు, మోటార్లు, లేన్ల సమయం, సీసం శుభ్రం చేసే పద్ధతి ఇవన్నీ అందులో ఉన్నాయి. ఎవరినీ దించాలని అందులో లేదు. అలా రాయమని ఇద్దరు అడిగారు, నేనే వద్దన్నాను. మనిషిని మార్చి పద్ధతి అలాగే ఉంచితే వచ్చే కమిటీతోనూ ఇదే గొడవ.

ఎడమచేతి_షూటర్ | మంగళవారం ఉదయం 9:40

ఆ ఇద్దరిలో నేనొకణ్ని. ఇప్పటికీ సెక్రటరీ గారు తప్పుకోవాలనే అంటాను. అయినా సంతకం పెడతాను.

అరవై_షాట్లు | ఆదివారం రాత్రి 8:50 (రెండు వారాల తర్వాత)

రాలేకపోయినవాళ్ల కోసం రాస్తున్నాను.

సమావేశం మూడున్నర గంటలు జరిగింది. కోరం సరిపోయింది, నిలబడి విన్నవాళ్లు కూడా ఉన్నారు. లెక్కల దగ్గరే చాలా గొడవైంది. సెక్రటరీ గారు ఒక ఫైల్ తెచ్చారు, కానీ అందులో బిల్లులు సగమే ఉన్నాయి. 'నన్ను అనుమానిస్తున్నారా' అని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నిదానమే_ప్రధానం గారే లేచి, 'అనుమానం కాదు, మా డబ్బు' అన్నారు. నెల గడువు ఇచ్చి, సభ్యుల నుంచి ఇద్దరితో ఆడిట్ చేయించాలని తీర్మానించారు. జాబితా వేసింది తనేనని సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. గొడవ సద్దుమణుగుతుందని అలా చేశారట. ఆ జవాబు చాలామందికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు.

'స్టాప్' తీర్మానం చదివినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆరో_లేన్ గారు. వ్యతిరేకంగా ఒక్క చెయ్యీ లేవలేదు.

నాకు శనివారం పొద్దున రెండు గంటల లేన్ దొరికింది. మాస్టారు మళ్లీ డ్యూటీకి రానన్నారు. నెలకి రెండు ఆదివారాలు వచ్చి కొత్త రేంజ్ ఆఫీసర్లకి నేర్పుతానన్నారు. ఎంత బతిమాలినా వినలేదు.

లేన్_ఏడు | ఆదివారం రాత్రి 9:25

ఇవాళ పాపని మళ్లీ తీసుకొచ్చాను. లైన్ దగ్గరికి వెళ్లే ముందు అటూ ఇటూ పది బెంచీలూ చూసుకుంది. బారెల్ కొసన తీగలు లెక్కపెట్టుకుందట. ఇంటికొచ్చాక చెప్పింది.

పది_పాయింట్_తొమ్మిది | ఆదివారం రాత్రి 9:50

మోటార్ మెకానిక్ బుధవారం వస్తాడు. అప్పటిదాకా 4 నుంచి 8 లేన్లు మూసే ఉంచుతున్నాం, తాడు కట్టాను, ఎవరూ విప్పకండి. మోటార్లు బిగించాక టార్గెట్ల ఎత్తు కూడా సరిచూడాలి. నేల నుంచి నడిబొడ్డుకి 140 సెంటీమీటర్లు ఉండాలి, అటూ ఇటూ 5 కంటే తేడా రాకూడదు. 5వ లేన్ కిందకి జారిందని నాకు అనుమానం. టేపు ఎవరి దగ్గరైనా ఉందా?

ఆరో_లేన్ | ఆదివారం రాత్రి 9:58

నా దగ్గరుంది. బుధవారం ఆరింటికల్లా వస్తాను.